అరవై ఒకటో పేరు

ఆ ఎండాకాలం మొదలయ్యేనాటికి మా ఇంటి తలుపు మీద నంబరు లేదు. అమ్మ తోమేసింది. ఇత్తడి బిళ్ల మీద చెక్కిన అంకెలు ఏళ్ల తరబడి ఆమె చేతుల్లో అరిగి అరిగి, ఆఖరికి ఉత్త బిళ్ల మిగిలింది. కొత్తగా వచ్చిన పోస్ట్‌మాన్ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగి, చెమటలు కక్కుతూ మా గుమ్మం ముందు ఆగాడు.

"ఏమ్మా, ఈ ఇంటికి నంబరు లేదా?"

"ఉందిగా నాయనా, నీ కళ్లెదురుగానే," అంది అమ్మ, తళతళలాడుతున్న బిళ్ల చూపించి.

అతను బిళ్లలో తన మొహం చూసుకున్నాడు. తర్వాత నా వంక చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. "మా అమ్మ చేతికి చిక్కితే అంతేనండీ, అంకెలైనా అక్షరాలైనా హరీమనాల్సిందే," అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అప్పుడైనా నా బుర్ర వెలగలేదు.

అమ్మకి అక్షరం ముక్క రాదు. మురికి కనబడితే మాత్రం ఒంటికాలి మీద లేస్తుంది. మా ఇంట్లో సొట్టగిన్నె ఉండొచ్చు గానీ మసిగిన్నె ఉండదు. చెంబుల అంచులు కాగితంలా పలచబడిపోయాయి. తోమే పౌడరు, నిమ్మచెక్క, ఉప్పు, వెనిగరు, ఆఖరికి పళ్లు తోముకునే పేస్టు కూడా ఆమె ఆయుధాలే. ఎవరింటికైనా వెళితే కుర్చీలో కూర్చోకుండా ముందు వాళ్ల గొళ్లెం వంక చూసేది.

మేమిద్దరం ఒకేచోట పనిచేసేవాళ్లం. ఎప్పుడో మూతపడిన గని కంపెనీ ఆఫీసునే మ్యూజియంగా మార్చారు. నాలుగు గదులు, ఒక వసారా. అమ్మ ఇరవై రెండేళ్లుగా అక్కడ ఊడ్చి తుడిచే పనిలో ఉంది. నేను తొమ్మిదేళ్లుగా టికెట్ల కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. మొదటి గదిలో తట్టలు, గునపాలు. రెండో గదిలో టోపీలు, దీపాలు. మూడో గదిలో గోడకి నిలువెత్తు ఇత్తడి ఫలకం ఒకటుంది. యాభై ఎనిమిదేళ్ల కిందట గనిలోకి నీళ్లు తన్నుకొచ్చినప్పుడు కిందికి దిగినవాళ్లు దిగినట్టే ఉండిపోయారు. ఒక్క శవం పైకి రాలేదు. గని నోరు అలాగే పూడ్చేశారు. వాళ్ల పేర్లే ఆ ఫలకం మీద ఉన్నాయి, అరవై ఒకటి. అన్నిటికీ అడుగున ఉన్న పేరు మా తాతయ్యది, అమ్మ వాళ్ల నాన్నది.

ఆ పేరు మొదట్లో లేదు. తాతయ్య కంపెనీ మనిషి కాదు. ఆరోజు పంపు దగ్గర ఒక మనిషి తక్కువైతే, పని దొరుకుతుందేమోనని గేటు బయట నిలబడ్డ కూలీని కేకేసి కిందికి దింపారు. హాజరు పుస్తకంలో అరవై మందే ఉన్నారు. ఫలకం మీదా అరవై పేర్లే వేయించారు. అమ్మమ్మ రెండేళ్ల పిల్లని చంకనేసుకుని ఆ ఆఫీసు మెట్ల మీద పదకొండు నెలలు కూర్చుంది. ఆమె పోరు పడలేక ఎవరో చెక్కేవాణ్ని పిలిపించి అడుగు అంచుకి ఆనించి ఒక వరుస ఇరికించారు. మిగతా అరవై పేర్లూ వేలి గోరు దిగేంత లోతుగా ఉంటాయి. తాతయ్య పేరు మాత్రం మొక్కుబడిగా గీసినట్టుండేది. ఆయనకి ఫొటో లేదు. సమాధి లేదు. ఏ కాగితం మీదా ఆయన లేడు. ఈ భూమ్మీద ఆయన ఉన్నాడని చెప్పడానికి ఆ ఒక్క వరుసే ఆధారం.

అమ్మ ఆ ఉద్యోగంలో చేరింది ఆ వరుస కోసమే. చేరిన మొదటి సోమవారం, మ్యూజియంకి సెలవురోజున, పన్నెండేళ్ల నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. "మీ తాత పేరు ఎక్కడుందో చదివి చూపించవే," అంది. నేను మోకాళ్ల మీద కూర్చుని, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. అమ్మ నా వేలు తీసేసి అక్కడ తన వేలు పెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి సోమవారం ఆమె ఫలకం తోమింది. పైనుంచి కిందిదాకా తోమేది గానీ మొదలుపెట్టేది అడుగు వరుసతోనే, ముగించేదీ అక్కడే. చివర్న చూపుడువేలితో ఆ పేరు ఒకసారి తడిమి లేచేది. చదవడం రాని మనిషికి అదే చదవడం.

ఎవరూ వద్దనలేదు. మా క్యూరేటరు గారైతే వచ్చిన ప్రతి పెద్దమనిషినీ మూడో గదికి తీసుకెళ్లి, "చూడండి, అద్దంలా ఎలా మెరుస్తోందో! మా పనావిడ చేతి మహిమ," అనేవాడు. ఆ మాట అన్న రోజు అమ్మ ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తినేది.

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి ఊళ్లో కబురు పొక్కింది. పూడ్చేసిన గని దగ్గర రాతిగోడ కడతారట. చనిపోయినవాళ్ల పేర్లు ఇక చెరగకుండా రాతిలో చెక్కిస్తారట. ఊరి పెద్దలు కమిటీ వేసుకుని, రిటైరైన హెడ్మాస్టరు గారిని దానికి పెద్దగా పెట్టుకున్నారు. పేర్లు సరిచూసి రాసివ్వడానికి, పనిలో పనిగా ఫలకాన్ని బాగుచేయడానికి నగరం నుంచి ఒక నిపుణురాలిని పిలిపించారు. మ్యూజియం ఆరువారాలు మూసేశారు. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని క్యూరేటరు గారు నన్ను ఆవిడ దగ్గర రాతపనికి వేశాడు.

అమ్మ ఆనందం అంతా ఇంతా కాదు. "రాతిలో అయితే ఇక ఎవరూ తీసెయ్యలేరు కదే?" అని పదిసార్లు అడిగింది. అమ్మమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో అని కళ్లు తుడుచుకుంది.

ఆ నిపుణురాలు ఎప్పుడూ ఒక కంటికి చిన్న భూతద్దం బిగించుకుని ఉండేది. భూతద్దం మేడమ్ అని మేం పేరు పెట్టుకున్నాం. వచ్చిన రెండురోజులూ ఫలకాన్ని ముట్టుకోలేదు. దింపించి, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి పడుకోబెట్టి, ఊరికే చూస్తూ కూర్చుంది. మూడోరోజు సన్నటి వెదురుపుల్లతో అక్షరాల సందుల్లోంచి తెల్లటి పొడి తీసి కాగితం మీద రాల్చింది.

"ఇదేమిటో చెప్పుకోండి చూద్దాం."

నాకు చూడగానే తెలిసింది. మా వంటింట్లో డబ్బా నిండా ఉంది. "సున్నమా మేడమ్?" అన్నాను.

"గిన్నెలు తోమే పౌడరు." ఆవిడ నిట్టూర్చింది. "దీంట్లో ఇసకలాంటి గరుకు ఉంటుందండీ. వంటింట్లో ఫరవాలేదు, గిన్నె అరిగితే ఇంకోటి కొనుక్కుంటాం. ఇదెక్కడ కొంటాం? పాత ఇత్తడి నల్లబడుతుంది చూశారూ, అది మురికి కాదు, దాని చర్మం. తోమితే మెరిసింది అంటే ఏమిటనుకున్నారు? ఒక పొర ఊడి పౌడరుతోపాటు తూములోకి పోయిందని అర్థం. ఎవరు చేసేవాళ్లు ఈ పని?"

"ఏమో మేడమ్. పనివాళ్లు మారుతుంటారు కదా," అన్నాను.

ఇరవై రెండేళ్లుగా మారని పనిమనిషి ఆ నిమిషంలో వసారాలో తడిగుడ్డ పిండుతోంది. నీళ్ల చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

మూడో వారంలో పేర్లు చదవడం మొదలుపెట్టాం. మేడమ్ ఒక్కో పేరే చదివేది, నేను రాసేదాన్ని. కొన్ని అక్షరాల అంచులు మెత్తబడ్డాయి గానీ పేర్లన్నీ తెలుస్తున్నాయి. అరవయ్యో పేరు చదివి ఆవిడ నడుం నిటారు చేసింది.

"అయిపోయాయి. హాజరు పుస్తకంతో సరిపోయింది."

"అడుగున ఇంకోటుంది మేడమ్."

ఆవిడ మళ్లీ వంగింది. చాలాసేపు చూసింది. "ఇక్కడేమీ లేదే."

నేను వెళ్లి చూశాను. ఆ ఫలకాన్ని అంత దగ్గరగా చూసి ఎన్నేళ్లయిందో. టికెట్లు చింపుతూ రోజూ ఆ గది ముందు నుంచే నడిచాను. చదువొచ్చినదాన్ని. ఒక్కసారి వంగి చూడలేదు. తాతయ్య పేరుండాల్సిన చోట ఇత్తడి నున్నగా, వెడల్పుగా, ఒకలాంటి గులాబిరంగులో ఉంది. మా తలుపు మీది బిళ్ల కళ్ల ముందు మెదిలింది.

మేడమ్ కిటికీలు మూయించింది. లైట్లు ఆర్పించి, టార్చి తీసుకుని ఫలకానికి ఆనించినట్టుగా అడ్డంగా పట్టింది. అలా పడితే అరిగిన గీతల నీడ ఏదైనా మిగిలుంటే కనబడుతుందట.

"ఒక సున్నా ఉంది. ఇక్కడ కొమ్ములాంటిది ఒకటి. అంతే." ఆవిడ టార్చి ఆర్పింది. "ఇంకో సంగతి. ఇది ఉత్త అరుగుదల కాదండీ. ఈ గులాబిరంగు చూశారా? ఇత్తడంటే రాగి, జింకు కలిసిన లోహం. యాసిడ్ పడితే జింకు కొట్టుకుపోయి రాగి తేలుతుంది. బాత్రూములు కడిగే మందులాంటిదేదో వాడారు. అదీ ఈ ఒక్క వరుస మీదే. ఎవరో పనిగట్టుకుని ఈ పేరు చెరిపేశారు."

పనిగట్టుకుని. ఆ మందు సీసా కొన్నది నేను.

రెండేళ్ల కిందట అమ్మ వేళ్ల కణుపులు వాచాయి. గుడ్డ పట్టుకుని రుద్దలేకపోయేది. సోమవారం సాయంత్రం చేతులు వేడినీళ్లలో పెట్టుకుని, "పెద్ద అక్షరాలు ఎలాగో తోమేస్తున్నానే. నాన్న పేరే సన్నం, పౌడరు లోపలికి దిగట్లేదు," అని బాధపడేది. నేను దుకాణానికి వెళ్లి నీలంరంగు సీసా ఒకటి తెచ్చిపెట్టాను. "ఇది బ్రష్షుతో రాసి పదినిమిషాలు వదిలేసి కడిగెయ్యి. రుద్దక్కర్లేదు, అదే తినేస్తుంది," అని చెప్పాను. మురికిని తినేస్తుందనే అన్నాను. సీసాలు అయిపోయినప్పుడల్లా కొత్తది తెచ్చింది కూడా నేనే.

ఆరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. అమ్మ వంటింటి గట్టు తుడుస్తోంది. ఎలా చెప్పాలో తోచక, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"పిచ్చి మాటలు మాట్లాడకు," అంది అమ్మ. "ఫలకం దింపేముందు సోమవారం కూడా తడిమాను. అక్కడే ఉంది."

"అక్కడేం లేదమ్మా. నున్నగా ఉంది."

"నా వేలికి తెలీదా?"

"నీ వేలికి ఆ చోటు తెలుసు. పేరు ఎప్పుడో పోయింది."

అమ్మ చేతిలో గుడ్డ వదిలేసింది. నేల మీద కూర్చుని తన చూపుడువేలి వంక చూసుకుంది. వేలిముద్ర గీతలు కూడా అరిగిపోయిన వేలు అది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "అంటే గోడ మీద వెయ్యరా?" అని అడిగింది.

"పుస్తకంలో అరవై మందే ఉన్నారు. ఫలకం మీదా అరవైయే కనబడుతున్నాయి."

"అయితే పోయి చెప్పేద్దాం. ఉండేది, నేనే తోమి పాడుచేశానని చెబుతాను."

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోతే పోనీ. అమ్మ పదకొండు నెలలు మెట్ల మీద కూర్చుని వేయించింది. నా చేత్తో నేను తుడిచేసి, నోరు మూసుకుని జీతం తీసుకోనా?"

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "ఆ సీసా సంగతి కూడా అడుగుతారు," అన్నాను మెల్లగా.

అమ్మ నా మొహంలోకి చూసింది. "ఆ మాట నువ్వెత్తకు. నేనే కొన్నానంటాను. నాకు చదువు రాదని అందరికీ తెలుసు, తెలీక చేసిందనుకుంటారు. నీకు చదువొచ్చు. నువ్వంటే ఊరుకోరు. ఇద్దరి పనీ పోతే మన బతుకేం కాను?"

ఏ రోజూ అమ్మ చెప్పిన మాట విన్న పాపాన పోలేదు నేను. ఆ ఒక్కరోజు మాత్రం తల్లి మాట జవదాటని కూతుర్నైపోయాను.

కమిటీ శుక్రవారం ఉదయం మూడో గదిలోనే కూర్చుంది. బల్ల మీద ఫలకం ఉంది. ఒక పక్కన హెడ్మాస్టరు గారు, మేడమ్, క్యూరేటరు గారు. ఇంకో పక్కన అమ్మ, ఇస్త్రీ చీర కట్టుకుని, చేతులు కొంగులో దాచుకుని నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు. బల్ల చివర మినిట్స్ పుస్తకం ముందేసుకుని నేను.

అమ్మ అంతా చెప్పింది. దాచకుండా, తడబడకుండా చెప్పింది. పౌడరు సంగతి, నిమ్మచెక్కల సంగతి, నీలం సీసా సంగతి.

"ఆ సీసా ఎవరిచ్చారు?" అని అడిగింది మేడమ్.

"నేనే కొన్నానమ్మా."

"ఆ ఒక్క వరుస మీదే ఎందుకు వాడారు?"

"మా నాన్న పేరు మిగతావాటికంటే బాగా మెరవాలని."

మేడమ్ కంటికున్న భూతద్దం తీసేసింది.

క్యూరేటరు గారు గొంతు సవరించుకున్నాడు. "ఇంట్లోంచి ఇలాంటివి తెచ్చి వాడుతోందని నాకు బొత్తిగా తెలీదండీ. తెలిస్తే ఊరుకుంటానా?" అన్నాడు. అద్దంలా మెరుస్తోందని ఊరందరికీ చూపించిన మనిషి! అమ్మ ఆయన వంక ఒకసారి చూసి తల దించుకుంది. నేను ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా రాశాను. రాయడమే నా పని.

హెడ్మాస్టరు గారు చెడ్డవాడేం కాదు. అదే నా ప్రాణానికొచ్చింది. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన అమ్మని తాతయ్య పేరు అడిగి, ఇంటిపేరుతో సహా కాగితం మీద రాసుకుని, ఆ కాగితాన్ని ఫలకం అడుగున ఆనించి చూశాడు. "సున్నా, కొమ్ము ఉన్నాయి, నిజమే. కానీ అవి సగం ఊరి పేర్లలో ఉంటాయమ్మా," అన్నాడు. "పాత ఫొటో ఏదైనా ఉందా?"

ఉంది. మ్యూజియం తెరిచిన రోజున తీసింది. ఫలకం ముందు ముఖ్య అతిథి నిలబడ్డాడు. అడుగు వరుసలన్నీ ఆయన పొట్ట వెనకాల ఉన్నాయి. ఆ తర్వాత ఎవరినీ ఫొటోలు తీయనివ్వలేదు. ఫొటోలు నిషేధం అన్న బోర్డు చూపించి తొమ్మిదేళ్లుగా జనాన్ని ఆపింది నేనే.

"నాకు మీ మీద అనుమానం లేదమ్మా," అన్నాడు హెడ్మాస్టరు గారు. "కానీ రాతి మీద వేస్తున్నాం. రేపు ఇంకొకరొచ్చి, మా తాత కూడా ఉన్నాడంటే ఏం చెప్పాలి? చెరిపినావిడే చదివి వినిపిస్తే కమిటీ ఎలా రాసుకుంటుంది, మీరే చెప్పండి."

అమ్మ కొంగులోంచి చేతులు తీసి బల్ల అంచు పట్టుకుంది.

"సరే. మీరు కాక, చదవడం వచ్చినవాళ్లెవరైనా ఆ పేరు చూశారా? ఫలానా పేరు అక్కడుండగా నేను చదివాను అని చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

గదిలో పైన ఫ్యాను తిరుగుతోంది. అమ్మ నా వైపు చూడలేదు. నన్ను కాపాడ్డానికి ఆమె పట్టుబట్టి గోడవైపే చూస్తోంది. పన్నెండేళ్ల వయసులో మోకాళ్ల మీద కూర్చుని ఆ పేరు కూడబలుక్కుని చదివిన మనిషి ఆ గదిలో ఉంది. లేచి నిలబడితే చాలు. లేస్తే తర్వాతి ప్రశ్న వస్తుంది. చదువొచ్చిన కూతురివి, అక్కడే ఉద్యోగం చేస్తూ, మీ అమ్మ దాని మీద యాసిడ్ పోస్తుంటే ఏం చేశావని అడుగుతారు. నేను కలం వంక చూసుకున్నాను.

ప్రశ్న రాశాను. దాని కింద, "జవాబు రాలేదు" అని రాశాను. నా గుండ్రటి దస్తూరీలో ఆ వరుస కూడా ముచ్చటగానే వచ్చింది.

కూతురి సాక్ష్యం చెల్లేదో, చెల్లకపోయేదో. హెడ్మాస్టరు గారు దాన్ని కూడా పక్కన పెట్టేవాడేమో. చెప్పి ఉంటే కదా తెలిసేది.

గోడ మీద అరవై పేర్లే వెయ్యాలని తీర్మానమైంది. ఫలకం అడుగున ఏదో రాత ఉండేదనీ, అదేమిటో తేల్చలేకపోయామనీ మేడమ్ తన నివేదికలో ఒక వాక్యం రాసింది. ఆ వాక్యాన్ని సాపు చేసి రాసింది నేనే. అమ్మని ఆ సాయంత్రానికే పనిలోంచి తీసేశారు. చీపురుకట్ట, తడిగుడ్డ క్యూరేటరు గారి గది ముందు పెట్టి, గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. మరిచిపోయి తుడవకుండా వదిలేసిన వసారా మూల ఒకటి తుడిచి వెళ్లింది.

మేడమ్ వెళ్లేరోజున నన్ను పక్కకి పిలిచింది. "మీ అమ్మగారితో చెప్పండి. ఇలాంటివి నేను చాలా చూశాను. పగతో పాడుచేసినవాటికంటే ప్రేమగా తోమి పాడుచేసినవే ఎక్కువ." పెట్టె మూత వేస్తూ, "ఆ సీసా ఆవిడ కొనలేదు కదూ?" అంది.

నేను వంగి పెట్టె ఎత్తి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ అది తీసుకుని వెళ్లిపోయింది.

తొలకరి చినుకులు పడ్డ వారానికి గోడ తెరిచారు. పెద్దలు మాట్లాడారు, పూలు పెట్టారు. హెడ్మాస్టరు గారు అరవై పేర్లూ పైకి చదివాడు. అరవయ్యో పేరు దగ్గర ఆగినప్పుడు నేను అనవసరంగా ఇంకో క్షణం వినబోయాను. అమ్మ రాలేదు. రమ్మని నేనూ అడగలేదు.

ఇంట్లో అమ్మ తోమడం మానేసింది. వంట చేస్తుంది, గిన్నెలు నీళ్లలో ముంచి బోర్లిస్తుంది, అంతే. నెల తిరిగేసరికి చెంబులు నల్లబడ్డాయి. తలుపు మీది బిళ్లకి కూడా మచ్చలు పడ్డాయి. పోస్ట్‌మాన్ జాలిపడి ఒకరోజు సుద్దముక్కతో తలుపు మీద నంబరు రాసి వెళ్లాడు. వానకి తడిసి అది కారిపోతే మర్నాడు మళ్లీ రాశాడు. అమ్మ చూస్తూ ఊరుకుంది గానీ దాన్ని తుడవలేదు.

ఒక ఆదివారం పొద్దున నాకు ఇక ఉండబట్టలేదు. "అమ్మా, ఆరోజు నేను లేచి చెప్పాల్సింది," అన్నాను. "నేను చదివానుగా. లేచి చెప్పాల్సింది."

నేనే చెప్పొద్దన్నానుగా అంటుందనుకున్నాను. ఆ మాట కోసమే ఎదురుచూశానేమో కూడా. అమ్మ ఆ మాట అనలేదు. లేచి బాత్రూములోకి వెళ్లింది. సగం మిగిలిన నీలం సీసా పట్టుకొచ్చి నా ముందు పెట్టింది.

"దీని మీద ఏం రాసుందో చదివి పెట్టు."

"ఇప్పుడెందుకమ్మా?"

"చదువు."

సీసా తిప్పాను. వెనకవైపు చీమతలకాయంత అక్షరాలు. రెండేళ్లలో అరడజను సీసాలు కొన్నాను, ఒక్కసారి అటువైపు తిప్పలేదు. చదివాను. పిల్లలకి అందకుండా ఉంచవలెను. చేతికి తొడుగులు లేకుండా వాడరాదు. పాచిపట్టిన గచ్చుకు, మరుగుదొడ్డి పింగాణీకి మాత్రమే. రాగి, ఇత్తడి మొదలైన లోహపు వస్తువులపై ఎట్టి పరిస్థితిలోనూ వాడరాదు.

అక్కడ ఆగాను.

"ఇంకా ఉందా?"

"ఉంది."

"మొత్తం చదువు."

మొత్తం చదివాను. తయారైన తేదీ, గడువు తేదీ, ఎండ తగలని చోట ఉంచాలన్న మాట, అన్నీ చదివాను. అమ్మ చూపుడువేలు గుప్పిట్లో మూసుకుని, ఒక్క ముక్క పోనివ్వకుండా విన్నది. నేను ఆపాక సీసా అందుకుని, ఆ చిన్న అక్షరాల మీద మెల్లగా వేలు పెట్టి తడిమింది.

"ఇంత రాసుందా దీని మీద?" అంది.